బొట్టు పెట్టిన క్రిస్మస్ నర్సు

జ్ఞానప్రసూనకు సినిమావాళ్ళంటే మొదటినుంచీ చులకనే. అమెరికాలోని నోవై ఊళ్ళో ఇరవై ఆరేళ్ళుగా ఐసీయూ నర్సుగా చేస్తున్న మనిషి ఆమె. తెర మీద డాక్టర్లు చేసే తిక్కపనులు చూసి సోఫాలోంచే తిట్టిపోసేది. అలాంటిది, రెండో ప్రపంచయుద్ధకాలపు క్రిస్మస్ సినిమా ఒకదానికి ఇండియన్ నర్సు కావాలని ప్రకటన పడగానే కూతురు భవిత ఆమె ఫొటో పంపేసింది.

"ఒక్క రోజే మమ్మీ. మనవాళ్ళూ తెరమీద కనపడాలి. రిప్రజెంటేషన్ చాలా ఇంపార్టెంట్" అంది.

జ్ఞానప్రసూన ఒప్పుకున్నది ఆ మాటకు కాదు. వాళ్ళది రేపల్లె దగ్గర లూథరన్ క్రైస్తవ కుటుంబం. అమ్మమ్మకు అక్క మరియమ్మ నిజంగానే ఆ యుద్ధంలో నర్సు. రెండు క్రిస్మస్‌లు ఇంఫాల్ ఆస్పత్రిలో గాయపడ్డవాళ్ళ మధ్యే గడిపింది. ఇంట్లోవాళ్ళకు తప్ప ఆవిడ పేరు ఎవరికీ తెలియదు. తెల్ల టోపీతో, మెడలో చిన్న సిలువతో ఉన్న ఆవిడ ఫొటోను హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని జ్ఞానప్రసూన షూటింగ్‌కు వెళ్ళింది.

మూతబడ్డ కార్ల ఫ్యాక్టరీలో ఆస్పత్రి సెట్ వేశారు. బయట మోకాలి లోతు మంచు పడి ఉంటే, లోపల కిటికీలకు కాగితపు మంచు అతికిస్తున్నారు. మంచాల మీద ఒక నల్లజాతి సైనికుడు, ఒక చైనీస్ సైనికుడు, తలపాగాతో ఒక పంజాబీ, పెట్టెలో చాక్లెట్లు సర్దినట్టు రకానికి ఒకరు. వాళ్ళెవరికీ నోట మాట లేదు. మాటలన్నీ బంగారు జుట్టు హీరోయిన్‌వే.

మేకప్ దగ్గరికి రియా వచ్చింది. అమెరికాలోనే షాంటిలీ ఊళ్ళో పుట్టి పెరిగిన పాతికేళ్ళ తెలుగుపిల్ల. అన్ని జాతులవాళ్ళనూ తెరమీద సరిగ్గా చూపించేలా సలహాలిచ్చే డైవర్సిటీ కన్సల్టెంట్, ఈ సినిమాకు. వస్తూనే రూపాయి బిళ్ళంత ఎర్ర స్టిక్కర్ జ్ఞానప్రసూన నుదుటికి అంటించి, సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకుంది.

"ఇదేంటమ్మా?"

"బొట్టు ఆంటీ. మీరు హీరోయిన్‌కి నమస్తే పెట్టి, 'మా దేశంలో క్రిస్మస్ లేదు, మీరు నేర్పండి' అనాలి. సో బ్యూటిఫుల్ కదా!"

జ్ఞానప్రసూనకు ఒళ్ళు మండింది. బ్యాగ్‌లోంచి మరియమ్మ ఫొటో తీసి చూపించింది. "మా తాతముత్తాతల నుంచీ క్రిస్టియన్లం. ఈవిడ ఆ యుద్ధంలోనే నర్సు. ఎక్కడైనా బొట్టుందా?"

"వావ్, సో కూల్! బట్ ఆంటీ, బొట్టు లేకపోతే ఇండియన్ అని ఆడియన్స్‌కి ఎలా తెలుస్తుంది?"

"నా మొహం చాలదా?"

"మెక్సికన్ అనుకుంటారు ఆంటీ."

దీనికో ఉద్యోగం, దానికో జీతం అనుకుంది జ్ఞానప్రసూన. స్టిక్కర్ పీకి అద్దానికి అంటించి, సెట్లోకి నడిచింది.

కెమెరా తిరిగింది. హీరోయిన్ కళ్ళనీళ్ళతో నల్లజాతి కుర్రాడి చేతికి కట్టు కడుతోంది. ఎంత బిగించిందంటే, అతని వేళ్ళు నిజంగానే నీలబడుతున్నాయి. సీన్ చెడుతుందని పాపం నోరెత్తడం లేదు. జ్ఞానప్రసూన నమస్తే పెట్టలేదు. హీరోయిన్‌ను పక్కకు జరిపి, రెండు క్షణాల్లో కట్టు విప్పేసింది. "మా ఊళ్ళో క్రిస్మస్ వందేళ్ళుగా ఉంది. నువ్వు నేర్చుకోవలసింది కట్టు కట్టడం" అని ఇంగ్లీషులో ముఖం మీదే చెప్పింది.

డైరెక్టర్ చాలా మర్యాదగా థాంక్యూ చెప్పి ఇంటికి పంపేశాడు. ఆ వేషం ఇంకొకామెకు ఇచ్చారు. కుర్రాడు మాత్రం కారుదాకా వెంట వచ్చి, వేళ్ళు ఆడించి చూపించి నవ్వాడు.

డిసెంబర్‌లో సినిమా వచ్చింది. ప్రచారానికి మాత్రం రియా తీసిన బొట్టు ఫొటోనే వాడారు. అది చూసి తెలుగు సంఘం అధ్యక్షుడు జగదీష్ ఫోన్ చేశాడు.

"మన కల్చర్‌ని హాలీవుడ్‌లో నిలబెట్టారండీ! సన్మానం చేస్తాం, శాలువా ఆర్డర్ చేసేశాం."

"సినిమా చూశారా?"

"ఇంకా లేదండీ. బిజీ."

"నేను అందులో లేను. ఇన్నేళ్ళలో ఒక్క క్రిస్మస్‌కైనా మీ సంఘం మా ఇంటికి ఫోన్ చేసిందా, జగదీష్ గారూ?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "అంటే... మీరు అటువైపు అని మాకు తెలీదు కదండీ."

"ఇప్పుడు తెలిసిందిగా" అని ఫోన్ పెట్టేసి, జ్ఞానప్రసూన కారు అద్దం మీది మంచు గీకి డ్యూటీకి బయల్దేరింది.