తెగని పలుపు

మా ఊరు రామకుప్పం పక్కన. ఎనభైల మొదట్లో ఒక సంతరోజు మా నాయన కుప్పం నుంచి ఆవును కట్టేయడానికి నీలంరంగు నైలాను పలుపు కొనుక్కొచ్చాడు. అంతవరకూ మా వీధి చివరి ముసలాయన కిత్తనారతో పేనిన పలుపులే వాడేవాళ్లం. అవి వానకు నాని, కొన్నాళ్లకే తెగిపోయేవి.

"ఇంగ మాటిమాటికీ కొనే పని లేదు. సూడు, ఎంత గట్టిగా ఉండాదో!" అని నాయన రెండు చేతులతో లాగి చూపించాడు. అమ్మకూ నచ్చింది. ఏడాది తిరిగేలోగా ఊళ్లో చాలామంది అదే కొన్నారు.

ఆ తరువాత ఒక ఏడు, రాగి కోతకొచ్చిన కాలంలో, పొద్దుగుంకే వేళ అడవిలోంచి ఏనుగులు దిగాయి. మా కొట్టం వెనక చేలోంచి అవి ఘీంకరించేసరికి పశువులు బెదిరిపోయాయి. పక్కింటి ఎద్దులు పాత నారపలుపులు తెంచుకుని పరుగెత్తాయి. మా ఆవూ అంతే బలంగా గింజుకుంది. పలుపు తెగలేదు, మెడకు బిగిసింది. ఆవు గుంజ చుట్టూ తిరిగి తిరిగి కూలబడి, నాలుక బయటపెట్టి తన్నుకోసాగింది.

"పోవద్దు! ఆడ ఏనుగులుండాయి!" అమ్మ అరిచింది.

నాయన వినకుండా ఆవు దగ్గరికి ఉరికాడు. ముడి రాయిలా బిగుసుకుంది. పలుపు కింద వేళ్లు దూర్చి సడలించబోయాడు. అప్పుడే ఆవు ఒక్క గుంజు గుంజింది. ఆయన పెట్టిన కేకకు నేను గోడకు అతుక్కుపోయాను. అమ్మ కొడవలి తెచ్చి పలుపు కోసేసరికి ఆవు చచ్చిపోయింది. నాయన కుడిచేతి రెండు వేళ్లు తోలు పట్టుకుని వేలాడుతున్నాయి.

కుప్పం ఆసుపత్రిలో వాటిని తీసేశారు. ఇంటికొచ్చాక అమ్మ ఆ పలుపును మంటలో వేసింది. అది కరిగి చుక్కలుగా కారుతుంటే, "సావు, సావు!" అంటూ కట్టెతో బాదింది. ఒక చుక్క ఎగిరి పాదం కాలినా ఆగలేదు.

నాయన మళ్లీ నాగలి మేడి గట్టిగా పట్టలేకపోయాడు. దుక్కి కూలివాళ్ల పాలైంది. ఇంకో ఆవును కొన్నాక నారపలుపు కోసం ముసలాయన ఇంటికి పోతే తాళం వేసి ఉంది.

"ఎవురు కొంటారని ఈడుంటాడప్పా? బెంగళూరికి రాళ్లు మోసే పనికి పోయినాడు," అంది ఎదురింటామె.

సంతలోనూ నార దొరకలేదు. చివరికి మళ్లీ నైలానుదే కొన్నాడు. లాగితే ఊడే జారుముడి వేయడం మిగిలిన వేళ్లతో నేర్చుకున్నాడు. ఆవు తరచూ విడిపించుకుని పరుల అనపచేలో పడేది. వాళ్లు మా వాకిట్లో నిలబడి బూతులు తిడుతుంటే అమ్మ తలవంచుకుని వినేది. ముడి మాత్రం గట్టిగా వేయనిచ్చేది కాదు.