పీటల మీద నా తుంటి

ఆ రోజుల్లో మా భువనగిరిలో కుర్చీ మీద కూర్చొని బతికేవాళ్లు తక్కువ. వాళ్లలో నేనొకణ్ణని నాకు మహా గొప్పగా ఉండేది. పగలంతా వకీలు సాబు కుర్చీలో నకళ్లు రాయడం, సాయంత్రం గ్రంథాలయం కుర్చీలో పుస్తకాలు చదవడం. (బడి నాలుగో తరగతితో ఆగినా, అక్కడి బీరువాల్లో సగం నేను నమిలినవే.) ఈ కుర్చీల పుణ్యమా అని తుంటి బిగుసుకుపోయి, నేల మీద బాసింపట్టు వేస్తే మోకాళ్లు చెవుల దాకా లేచేవి. నన్ను చూడవచ్చిన పెండ్లిపిల్ల మేనమామ, భోజనాల బంతిలో నా పక్కన కూర్చొని, అది కనిపెట్టాడు. "ఏం బావా, పిల్లగానికి కాళ్లు వంగుతలేవా ఏంది?" అని మా నాయినను అడిగాడు. "మంచిగనే వంగుతయి" అన్నాడు నాయిన. "సరే, పీటల మీద సూస్తం. కూసోకుంటే పిల్లను లేపి తోల్కపోత" అని మేనమామ నవ్వాడు. కళ్లు మాత్రం నవ్వలేదు.

మర్నాడే గ్రంథాలయంలో వ్యాయామం పుస్తకం వెతికి పట్టాను. ఎప్పుడూ ముడుచుకొని ఉండే కండరం పొట్టిదైపోతుందట; మెల్లగా, ఊపిరి బిగబట్టకుండా సాగదీస్తే దారికొస్తుందట. రెండు అరికాళ్లు కలిపి కూర్చొని మోకాళ్లు నేలకు వంచడం. ఒక మోకాలు నేలకానించి, రెండో కాలు ముందుకు మడిచి నడుము కిందికి దించడం. రోజూ పొద్దున్నే వసారాలో ఇదే పని. "ఈనే బర్రె లెక్క మూలుగుతున్నవేందిరా?" అనేది అవ్వ. "శాస్త్రం అవ్వా" అనేవాణ్ణి. "శాస్త్రమైతే జర సప్పుడు లేకుంట జేస్కో" అనేది. పెండ్లినాటికి మోకాళ్లు నేల దగ్గరికి దిగాయి.

పీటల మీద రాయిలా కూర్చున్నాను. మేనమామ ఎదురుగా నిలబడి నా మోకాళ్లనే చూశాడు. పుస్తె కట్టాక తృప్తిగా తలాడించాడు. కొంగుముడి వేసి, ఇక లేవండన్నారు. నా కాళ్లు లేవలేదు. నడుము కింద తిమ్మిరి తప్ప మరేమీ ఉన్నట్టు లేదు. పక్కనుంచి పెండ్లికూతురి గొంతు సన్నగా వినిపించింది: "జర లెవ్వుండ్రి, మామ సూస్తాండు." నేను కదలకపోయేసరికి ఆమె లేచి, కొంగుముడి పట్టి ఒక్క గుంజు గుంజింది. ఆ ఊపుతో లేచి నిలబడ్డాను. "సూసిన్రా, మా పిల్లకు అత్తగారింటికి పోనీకి ఎంత తొందరో!" అని మేనమామ పందిరంతా వినేట్టు నవ్వాడు. అందరూ నవ్వారు. ఆమె తల వంచుకొని ఆ నవ్వంతా తన మీదే వేసుకుంది.

తర్వాత ఆ పుస్తకం మళ్లీ తిరగేశాను. కూర్చోవడం గురించి ఎంతో ఉంది గాని, లేవడం గురించి ఒక్క ముక్క లేదు. ఇప్పటికీ అన్నం తిని లేవబోయి నేను తంటాలు పడుతుంటే ఆమె కొంగు చివర నా చేతికిస్తుంది. నాలోని ఆ పాత పెండ్లికొడుకు మాత్రం తన కాళ్ల మీద తానే లేచానని చాన్నాళ్లు అనుకున్నాడు, పాపం.