సంగటి క్యారియరు కొక్కెం

పుంగనూరు డ్రాయింగు అయ్యవారు పోయారని పోయిన శుక్రవారం పొద్దున కుప్పం నుంచి ఫోను వచ్చింది. చేసినవాడు రిటైరైన రైల్వే గార్డు. "అయివారు పోయినాడప్పా. నిద్రలోనే అంట. నేను బస్సెక్కతాండాను, నువ్వూ రా" అని పెట్టేశాడు. ఉద్యోగమంతా పచ్చజెండా ఊపి బతికినవాడు, మాటలు ఎక్కువ వాడడు.

నాకు ఏడుపు రావాలి. రాలేదు. "ఆ బెంగళూరు కంపెనీవాడు మాత్రం బాగానే ఉండాడే" అన్న మాట వచ్చింది. చావు కబురు వింటే మంచివాళ్లు దేవుణ్ణి తలుస్తారు. నేను పగవాణ్ణి తలిచాను. ఈ నాలుగు మాటలు రాస్తున్నదీ ఆ పగతోనే. ముందే చెప్పడం మర్యాద.

నా సంగతి ఒక్క ముక్క. మదనపల్లెలో పట్టుమగ్గాలకు జకార్డు అట్టలు కొట్టేవాణ్ణి. చీర అంచులో నెమలి ఎక్కడ మెడ తిప్పాలో మగ్గానికి చెప్పేది ఆ అట్టలో మేం కొట్టే బెజ్జాలే. బడి ఆరో తరగతితో సరి. ఇంగ్లీషు నేర్చింది బొమ్మరైళ్ల కేటలాగులు చదివి. అందుకే నాకు బాయిలరు, బఫరు తెలిసినంత బాగా గుడ్ మార్నింగ్ తెలియదు.

ఆ కేటలాగులు నా చేతిలో పెట్టినవాడు అయ్యవారు. పుంగనూరుకు రైలు లేదు. "ఊళ్లోకి రాలేదు గదప్పా, ఇంట్లోకి తెచ్చుకున్న్యా" అనేవాడు. వసారాలో బల్ల మీద పట్టాలు, వంతెన, అగ్గిపెట్టెలంత బోగీలు. మా పక్క పొట్టి ఆవులకు పుంగనూరే పేరు. "ఆ ఊర్లో ఆవే అంత ఉంటే రైలు ఇంగెంత ఉంటాది" అని గార్డు ఎగతాళి. పొట్టి ఆవు పాలలో వెన్న ఎక్కువ. అయ్యవారి రైలూ అంతే.

బెంగళూరులో బొమ్మరైళ్లు చేసే కంపెనీ ఒకటుంది. పేరు రాయను. రాస్తే వాడికి ప్రచారం. ఏటా వాడి కొత్త కేటలాగు పోస్టులో అయ్యవారికి వచ్చేది. ఆ ఆదివారం నేను మదనపల్లె నుంచి, గార్డు కుప్పం నుంచి పుంగనూరు చేరేవాళ్లం. చేతులు కడుక్కుని కూర్చోవాలి. పేజీ తిప్పేది అయ్యవారు. ముగ్గురూ అభిప్రాయం చెప్పేదాకా పేజీ తిరగదు. అదీ కట్టుబాటు. ఒకసారి గార్డు ఒక సిగ్నలు బొమ్మ మీద అలిగి నోరు విప్పకపోతే, మధ్యాహ్నం భోజనాలయ్యేదాకా అదే పేజీ.

"ఈ గూడ్సుకు ఎనక దీపం యాడ? ఎనక దీపం లేని బండిని నేను స్టేషను దాటనీను" అనేవాడు గార్డు. "ఇది బోగీ ఎరుపు కాదు, పెండ్లిచీర ఎరుపు" అనేవాణ్ణి నేను. అయ్యవారు మాత్రం ముందు ఒక మంచి వెతికేవాడు. "చక్రాలు బాగా చేసినాడప్పా" అని, ఆ తర్వాతే తప్పు చెప్పేవాడు. నాకు ఆ గుణం అప్పుడూ నచ్చలేదు.

తొంభైల మొదట్లో, మదనపల్లె రోడ్డు స్టేషనులో ఇంకా బొగ్గింజను నడిచే రోజుల్లో, ఆయన ఆదివారాలు టైలరు టేపు జేబులో పెట్టుకుని పుంగనూరు నుంచి వచ్చేవాడు. ఇంజను నీళ్లు పట్టుకునేంతసేపూ కొలిచేవాడు. దాని డ్రైవరుది వాల్మీకిపురం. మేమింకా వాయల్పాడనే అంటాం. ఆ డ్రైవరు తన సంగటి క్యారియరు లోపల పెడితే బొగ్గుపొడి పడుతోందని, ఎడమ కిటికీ కింద బయటివైపు కమ్మరితో ఒక కొక్కెం కొట్టించుకున్నాడు. ఆ రకం ఇంజన్లు ఎన్ని ఉన్నా ఆ కొక్కెం ఆ ఒక్కదానికే. అయ్యవారు దాన్నీ గీశాడు.

"అదెందుకు అయివారూ, అది కంపెనీ కొక్కెం కాదు గదా" అన్నాను.

"ఉండేది గీయాలప్పా. అందానికి ఒకటి కలపకూడదు, తొందరకి ఒకటి వదలకూడదు."

ఆ సంగతి చెవిన పడి, ఆ కొలతలు కావాలని కంపెనీవాడే ఉత్తరం రాశాడు. గీతలు పంపండి, కేటలాగులో మీ పేరు అచ్చు వేస్తాం అన్నాడు. అయ్యవారు పంపాడు. పేరు అచ్చవుతుందని ఇంట్లో చెప్పాడు. ఆయన భార్య, మా అయ్యవారమ్మ, వీధంతా చెప్పింది. రెండేళ్లు జవాబు లేదు. ఆ తర్వాతి కేటలాగులో నడిమి పేజీ తిప్పితే మా ఇంజను. ఎడమ కిటికీ కింద కొక్కెం.

"అయివారూ, ఇది మన వాయల్పాడోడి కొక్కెం" అన్నాడు గార్డు.

కింద ఇంగ్లీషు నేనే చదివాను. తమ నిపుణులు ఏళ్ల తరబడి పరిశోధించి తయారుచేసినది అని ఉంది. అయ్యవారి పేరు లేదు. ఆ రోజు ఆయన మంచి వెతకలేదు. "కాఫీ తెస్తా" అని లోపలికి పోయి, వట్టి చేతులతో వచ్చాడు.

నేను తిట్లు రాద్దామన్నాను. మా మదనపల్లె మగ్గాల వీధిలో మంచి తిట్లకు కొదవ లేదు. అయ్యవారు వద్దన్నాడు.

"తిడితే దొంగ జాగర్త పడతాడప్పా. అడగాల. మర్యాదగా అడగాల."

అడిగాం, నా పేరుతో. అయ్యా, ఆ కొక్కెం దేనికి? జవాబు వారంలో వచ్చింది. దొరల కాలంలో రాత్రిపూట దీపం వేలాడదీసే ఏర్పాటు అట. మరుసటి ఏడు కేటలాగులో 'అసలైన దీపపు కొక్కెం' అని పెద్దక్షరాల్లో వేశాడు. ఆ పేజీ మీద మేం ముగ్గురం గంటసేపు కూర్చున్నాం. పగ కూడా ఊరగాయలాంటిదే, ఊరేదాకా జాడీ మూత తీయకూడదు.

కుప్పంలో మూత తీశాం. బెంగళూరువాళ్లకూ మద్రాసువాళ్లకూ మధ్యలో రైలు దిగడానికి అనువని, బొమ్మరైళ్ల పిచ్చోళ్లందరినీ గార్డు కుప్పంలో ఒక కల్యాణ మంటపానికి పిలిచాడు. కంపెనీ పెద్దమనిషి కొత్త ఇంజనుతో వచ్చి కొక్కెం గురించి ఉపన్యాసం మొదలుపెట్టాడు. వెనక వరసలోంచి వాయల్పాడు డ్రైవరు లేచాడు, చేతిలో క్యారియరుతో.

"సామీ, దీపం ఎవురు తగిలించినారు ఆడ?"

"ఆ కాలం డ్రైవర్లండీ."

"ఆ కాలం డ్రైవరు నేనే సామీ. దీపం ఇంజను ముందర ఉంటాది. ఆ కొక్కేనికి నా సంగటి క్యారియరు తగిలించేవాణ్ణి. ఇదే క్యారియరు." మూత తీసి చూపించాడు. "మీ నిపుణులు ఎవురూ నా ఇంజను కాడికి రాలేదే. టేపు పట్టుకోని వచ్చింది ఈ అయివారొక్కడే. ఊరిబిండి నంజుకోని నా సంగటి గూడా తిన్నాడు."

మంటపం నవ్వింది. మద్రాసు పెద్దాయన ఒకడు నవ్వు ఆపుకుని, "అట్లయితే గీతలు ఎవరివి?" అని అడిగాడు. పెద్దమనిషి ఇంజనును డబ్బాలో పెట్టుకున్నాడు, తలకిందులుగా. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. ఒంట్లో బాగులేనప్పుడు గుర్తుచేసుకుంటాను, తేలికపడుతుంది.

అయితే మా పగ మమ్మల్నీ కరిచింది. మరుసటి ఏడు కేటలాగులో ఇంజను ఉంది, కొక్కెం లేదు. కిటికీ కింద నున్నగా గీకేసి ఉంది. అయ్యవారు ఆ చోట వేలు పెట్టాడు.

"నా పేరు ఎట్లా లేదు. ఇప్పుడు కొక్కెమూ పాయె."

 మూత తీద్దామని తొందరపెట్టింది గార్డూ నేనూ.

ఆ నెలలోనే ఆయన నా దగ్గర పాడైన జకార్డు సూదుల తీగ అడిగి తీసుకున్నాడు. భూతద్దం కింద పెట్టి ఆవగింజంత కొక్కేలు వంచడం మొదలుపెట్టాడు. కుప్పం మంటపంలో అందరూ చిరునామాలు రాసిన పుస్తకం గార్డు దగ్గర ఉంది. ఆ ఇంజను కొన్నవాళ్లందరికీ కవరుకు ఒక కొక్కెం, ఒక చీటీ. 'ఎడమ కిటికీ కింద, రెండో రివెట్టు పక్కన అంటించుకోండి. ఉండేది ఉండాల. పుంగనూరు.' చీటీలో కూడా తన పేరు రాసుకోలేదు. అదేమని నేను పోట్లాడితే, "పేరు వాడు వేయాల. నేను వేసుకుంటే ఏముండాది" అన్నాడు. నేను ఆయనను మెత్తనివాడనుకునేవాణ్ణి. మా ముగ్గురిలో పట్టు ఎక్కువ ఆయనదేనని అప్పుడు తెలిసింది.

ఏళ్ల తరబడి పంపాడు. బొగ్గింజన్లు పోయాయి. మదనపల్లె రోడ్డులో మీటరు గేజి పట్టాలూ పీకేశారు. వాయల్పాడు డ్రైవరూ పోయాడు. కవర్లు మాత్రం ఆగలేదు. పరాయి ఊళ్లవాళ్లు కొక్కెం అంటించిన ఇంజన్ల ఫొటోలు పంపేవాళ్లు. కొత్తగా కొనేవాళ్లు కంపెనీకే రాయడం మొదలుపెట్టారు, పుంగనూరు కొక్కెం ఏదని.

శుక్రవారం మేం పోయేసరికి ఆయన్ను వసారాలో, పట్టాల బల్ల పక్కన పడుకోబెట్టి ఉన్నారు. పదకొండింటికి పోస్టుమాన్ వచ్చాడు, ఈ ఏటి కేటలాగుతో. గార్డు పెరట్లోకి పోయి చేతులు కడుక్కుని వచ్చాడు. నేనూ కడుక్కున్నాను. ఆయన ముందరే బల్ల మీద పెట్టాం. గార్డు తిప్పాడు.

నాలుగో పేజీలో మా ఇంజను. కిటికీ కింద కొక్కెం. ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో 'పుంగనూరు కొక్కెంతో సహా' అని ఉంది. రైలు లేని ఊరి పేరు రైలు బొమ్మ కింద అచ్చుకెక్కింది. ఆయన పేరు మాత్రం, నేను రెండుసార్లు వెతికాను, లేదు. ఆ కంపెనీవాణ్ణి నేను క్షమించలేదు. ఈ వయసులో కొత్త గుణాలు నేర్చుకోలేను.

"రివెట్లు సరిగ్గా పెట్టినాడు" అన్నాడు గార్డు.

"పేరు వేయలేదు" అన్నాను నేను.

గార్డు పేజీ మీంచి చెయ్యి తీశాడు. అయ్యవారమ్మ కళ్లు తుడుచుకుని, "ఇంగ తిప్పండప్పా" అంది.

"అయివారు ఇంకా చెప్పలేదమ్మా" అన్నాడు గార్డు.

ఆ పేజీ అట్లే తెరిచి పెట్టి, ఎగిరిపోకుండా ఆయన టైలరు టేపు దాని మీద ఉంచాం. పైన ఫ్యాను తిరుగుతోంది. కాగితం అంచు లేస్తుంది, తిరగబోతుంది, టేపు ఒప్పుకోదు.