మరణ కారణం

కరీంనగర్‌లో డిగ్రీ చదివే స్రవంతి ఎప్పుడూ నేలను చూస్తూనే నడుస్తుంది. జంతువు అడుగు గుర్తు కనబడితే చాలు, అక్కడే గొంతుక్కూర్చుని సంచిలోని స్కేలు తీసి కొలుస్తుంది, నోట్‌బుక్‌లో రాసుకుంటుంది. వన్యప్రాణుల సంరక్షణ ప్రత్యేకంగా చదవాలంటే రసాయనశాస్త్రం, గణాంకశాస్త్రం పాసైతే చాలదు. నలభై రోజులు ఒకేచోట తిరిగి చూసినదంతా రాసివ్వాలి. ఆమె ఆసిఫాబాద్ దగ్గర అడవి అంచున ఉన్న తన ఊరినే ఎంచుకుంది. ముప్పై ఒకటో రోజు పొద్దున తమ పత్తిచేను గట్టు మీద ఒక దుప్పి చచ్చిపడి ఉంది. దాని కాలికి కరెంటు తీగ చుట్టుకుని ఉంది. తేదీ, స్థలం రాసి, మరణ కారణం దగ్గర ఆమె ఆగిపోయింది.

వెనకాలే వచ్చిన తండ్రి హనుమండ్లు ముఖం పాలిపోయింది. "అడివిపందులకు పెట్టిన తీగ బిడ్డా. గిది పడుతదనుకోలే. కుక్కలు చంపినయని రాయరాదు?"

"రేపు మనిషి పడితే ఏం రాయాలె బాపూ?"

ఆమె 'కరెంటు తీగ. మా చేను' అని రాసింది. రాశాక ఏడ్చింది. హనుమండ్లు పోయి కరెంటు ఆపి, తీగంతా చుట్టి భుజాన వేసుకుని ఫారెస్టు ఆఫీసుకు బయలుదేరాడు. తానూ వస్తానని ఆమె లేచింది.

"నువ్వు రాకు. నువ్వు చెప్పినవంటే ఊరు నిన్నంటది. నేను చేసిన, నేనే చెప్త."

ఆయన రోడ్డెక్కేదాకా చూసి, స్రవంతి మోదుగ కొమ్మ విరిచి, దుప్పి మీద ఈగలు తోలుతూ కూర్చుంది.