తప్పు బాణాల మేష్టారు

వెంకటరాయప్ప మేష్టారు ఏ ఇద్దరినీ ఊరికే మాట్లాడుకోనివ్వరు. జేబులోంచి సుద్దముక్క తీసి వాళ్ళ మధ్య గుండ్రాలు గీస్తారు. గుండ్రానికో మాట, రెండు గుండ్రాలకూ నడుమ బాణం, బాణం మీద వాటి సంబంధం. "బాణం మీద మాట లేకుంటే అది సుమ్నె గీతప్పా, ఉత్త గీత!" అంటారు.

తొంభై ఎనిమిదిలో మడివాళలో ఆయన గీయని బల్ల లేదు. కె.ఆర్.పురం స్టేషన్లో సీటు కోసం కొట్లాడుకుంటున్న ఇద్దరికి ప్లాట్‌ఫారం మీద గుండ్రాలు గీస్తే, రైలు కూడా ఆగి చదువుకుని వెళ్ళిందట. ఇది చైతు చెప్పిన మాట. చైతు ఇంజనీరింగు మధ్యలో ఆపేసినవాడు. తన తెలివికి తట్టుకోలేక కాలేజీయే తనను మానుకుందంటాడు.

ఇంత గీసినా మేష్టారి బాణం ఒకటైనా తప్పు పోవలసిందే. చైతుకు అదే పండగ.

"ట్యుటోరియల్లో మీరు చెప్పేది లెక్కలేనా మేష్టారూ? ఒక్క బాణమూ తగలదే!"

"ఏం చేసేదప్పా, వయసైపాయె."

ఇంతలో, ఇద్దరూ రోజూ తినే అనసూయమ్మ మేడమీది మెస్సుకు గండం వచ్చింది. వంట చేసే భర్త చెన్నరాయప్ప మెస్సును ఊరవతల హొసకోటెకు మారుద్దామన్నాడు. ఆమె ససేమిరా అంది. మాటలు ఆగిపోయాయి. సాంబారులోంచి ఉప్పు కూడా అలిగి వెళ్ళిపోయింది. "ఆదివారం చెల్లెలింటికి పోతా, మళ్ళా రాను" అని ఆమె గోడకు చెప్పింది. చైతు అన్నం కలపడం ఆపేశాడు. అతడి కోతలన్నీ విని కూడా మారు వడ్డించేది మడివాళ మొత్తంలో ఆమె ఒక్కతే.

మేష్టారు దంపతులను బల్లకు చెరోవైపు కూర్చోబెట్టారు. 'చెన్నరాయప్ప', 'హొసకోటె' అని రెండు గుండ్రాలు గీసి, బాణం మీద 'పెండ్లాం నోటికి భయపడి' అని రాశారు.

చెన్నరాయప్ప సుద్దముక్క లాక్కున్నాడు. "ఎవురప్పా చెప్పింది? ఈడ ఇన్ని మెట్లుండాయి, దీనికి మోకాళ్ళ నొప్పి. ఆడ ఇల్లు నేలమట్టంగా ఉండాది!"

"ఆ మాట నాతో చెప్పేదానికి నోరు లేదా?" అంది అనసూయమ్మ.

"నొప్పి ఉండాదని నువ్వు చెప్పితివా?"

మేష్టారు 'అనసూయ', 'మడివాళ' గీసి, 'పంతం' అని రాశారు. ఈసారి ఆమె లాక్కుంది. "పంతమంట! నేను పోతే ఈ పిలకాయలకు అన్నం ఎవురు పెడతారు?" గుండ్రాల వైపు చూసి, గొంతు తగ్గించింది. "కింద షెడ్డు ఖాళీగానే ఉండాది కదా..."

చెన్నరాయప్ప తల గోక్కున్నాడు. మెస్సు మెట్లు దిగింది, ఊరు దాటలేదు.

"రెండు బాణాలూ తప్పేనా మేష్టారూ!" అని నవ్వబోయి, చైతు ఆగిపోయాడు.

"సరిగ్గా గీస్తే తల ఊపి పోతారప్పా," అన్నారు మేష్టారు మెల్లగా. "తప్పు గీస్తేనే గదా సుద్దముక్క లాక్కునేది."

అంటూనే ఇంకో రెండు గుండ్రాలు గీశారు. 'చైతు', 'కాలేజి'. బాణం మీద 'కాలేజీయే మానుకుంది' అని రాశారు.

చైతు పగలబడి నవ్వాడు. నవ్వడం అయ్యాక చెయ్యి చాపాడు. "ఇటివ్వండి మేష్టారూ."

కథ పెద్దదని అనసూయమ్మకు అర్థమైంది. అడక్కుండానే మారు వడ్డించింది.