పెద్ద పీతల సగటు

మొన్న మా మనవరాలు, జువాలజీలో ఎం.ఎస్సీ. చదువుతున్న పిల్ల, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని ఏవో అంకెలు అందులోకి ఎక్కించి, నేను కళ్లజోడు సవరించుకునే లోపల సగటూ, ప్రామాణిక విచలనమూ తేల్చేసి, తీరిగ్గా కాఫీ తాగుతూ కూర్చుంటే నాకు నవ్వూ, కొంచెం ఉక్రోషమూ కలిగాయి. పందొమ్మిదివందల యాభైలలో వాల్తేరు యూనివర్సిటీలో మేము ఆ ఒక్క విచలనం కోసం పిడి తిప్పే లెక్కల యంత్రం దగ్గర వంతు కాచుకుని, భుజాలు పడిపోయేలా తిప్పేవాళ్లం. ఆ నొప్పి ఎరిగినవారు మీలో ఇంకా ఉండే ఉంటారు.

జీవుల్ని కొలిచి, ఆ కొలతలకు లెక్కలు కట్టడం అప్పుడప్పుడే మా చదువులోకి వచ్చింది. నేను ఎంచుకున్నది చోడవరం పొలాల్లోని పీతల డిప్పల వెడల్పు. ఎంచుకోవడమంటే గొప్పేమీ లేదు, బుచ్చయ్యపేట దారిలో మా మేనత్త వాళ్ల మడి గట్ల నిండా అవే. ఆడపిల్లకి ఇంత చదువెందుకని గొణిగే మా నాన్న, ఈ ఏడు తప్పితే పుస్తకాలు కట్టిపెట్టి ఇంటికి రావాలని ముందే చెప్పేశారు కనుక, నా చదువంతా ఆ పీతల చేతిలోనే ఉంది. దొరికినవి దొరికినట్టు, ఏరకుండా పట్టి కొలవడానికి పంపమని అత్తకి చెప్పి వచ్చాను. చిన్నప్పటినుంచీ కూరలో పెద్ద పీత నా కంచంలోనే వేసే మనిషి, అడిగిందే తడవుగా బుట్ట నింపి పంపింది.

మా మేష్టారు నా లెక్క చూసి, చోడవరంలో పీతలకు పిల్లలు పుట్టవా అమ్మాయీ అన్నారు. అన్నీ పెద్దవే, ఇంచుమించు అన్నీ ఒకే కొలత. అంకెలు గదిలో కూర్చుని అల్లానని ఆయన అనుకుంటున్నారని అర్థమైంది.

మర్నాడే బస్సెక్కి వెళితే, వాకిట్లోనే అత్త ఎదురొచ్చి, "కూర మీ పంతులుగారికి నచ్చిందేటే గుంటా?" అని ఆశగా అడిగింది. పీతల్ని కొలవడమేమిటి, కూరకని అడగడానికి మొహమాటపడి ఆ పంతులు అలా చెప్పించి ఉంటాడని అనుకుందట. "సదువు సెప్పే బాబుకి సిన్నపీతలు పంపుతానేటి? మన పరువేటవుద్ది?" అంది. చిన్నవన్నీ మళ్లీ మడిలోనే వదిలేసిందట. కోపం రావలసిన చోట నాకు ఏడుపొచ్చింది. సంగతి విన్నాక పాపం ఆవిడ మొహం చిన్నబోయింది. చీర ఎగ్గట్టి నాతోపాటు బురదలోకి దిగి, గోరంత పీతను కూడా బుట్టలో వేస్తూ, ఇలాంటివి చూసి మనల్నేమనుకుంటారోనని పొద్దువాలే దాకా నొచ్చుకుంటూనే ఉంది.

ఆ పీతలతో నా లెక్క నిలబడింది, చదువూ నిలబడింది. తరవాత ఏళ్ల తరబడి నేనూ పిల్లలకు ఏరకుండా తీయండర్రా అనే పాఠం చెప్పాను. మనవరాలిని అంకెలు ఎక్కడివే అని అడిగితే, ఎవరో ఎక్కడో కొలిచి పెట్టినవట, తెర మీదే దొరికాయట. మావాటికన్నా అవే సరైనవేమో కూడా.

ఇప్పుడు మా ఇంట్లో పీతలు వండిన రోజున నా కంచంలోకి గరిటెకు దొరికింది దొరికినట్టే వస్తుంది. లెక్క ప్రకారం అదే న్యాయం. అయినా ముద్ద కలుపుతూ, పెద్దది నాకోసం ఏరే ఆ చెయ్యి కోసం చూస్తాను.