ముఖం పడని బిట్టు

అజ్మతుల్లాకు కోపం తెప్పించడం శానా సులువు. ఆయన తీసిన పెండ్లి వీడియోలో ఫలానా మనిషి పడలేదని చెబితే చాలు. ఆ మాట అన్నవాళ్లు అంగడి దిగేలోపే ఆయన పక్కనున్న నా జిరాక్సు అంగట్లోకి వచ్చి, వాళ్ల ముత్తాతల దాకా తిడతాడు. నా పనంతా ఆగిపోతుంది. మా రెండు అంగళ్లకూ మధ్య ఉన్నది ఒక ప్లైవుడ్డు చెక్క. ఆయన దగ్గితే నేను నీళ్లు తాగుతాను, అంత దగ్గర.

ప్రొద్దుటూరులో ముప్ఫై ఏళ్లుగా పెండ్లిళ్లు తీస్తున్న మనిషి. ముహూర్తానికి ముందే ఆ ఇంటి పెద్దను ఒక మూల నిలబెట్టి చుట్టాల లిస్టు రాయించుకుంటాడు. అలిగి పందిరి బయట కూర్చున్న మేనమామ, వంటల దగ్గరున్న పెద్దమ్మ, చెప్పుల దగ్గర కునుకు తీస్తున్న ముసలాయన, ఎవరైనా సరే, కనీసం ఒక్కసారి పడాల్సిందే. పడటమంటే ముఖం తేటగా, కళ్లు తెరిచి పడాలి. తల తిప్పుకున్న బిట్టు, చేయి అడ్డం పెట్టుకున్న బిట్టు ఆయన లెక్కలో పనికిరానివి. వాటిని కోసేసి మిగిలిందే పెండ్లివాళ్లకు ఇస్తాడు. తన వీడియో చూసి ఏ చుట్టమూ ఇంతవరకు అలగలేదని చెప్పుకుంటాడు. నాకు తెలిసి ఇద్దరు అలిగారు, కానీ ఆ సంగతి ఆయన ముందు ఎత్తే ధైర్యం నాకు లేదు.

ఇట్లాంటి మనిషి దగ్గరికి పోయిన ఫిబ్రవరిలో హాసిని అనే అమ్మాయి వచ్చింది. ఇక్కడే డిగ్రీ ఆఖరి సంవత్సరం. కాలేజీ ప్రాజెక్టు కోసం ఒక పాటకు వీడియో తీయాలట. సినిమా పాటా అని అడిగాం, కాదంది. పులివెందుల కుర్రవాడు ప్రణవ్ అని, తనే రాసుకుని, తనే గిటారు వాయించి, తనే పాడి ఫోన్లలో వినేట్టు పెట్టిన పాట. వెనక కంపెనీ లేదు, ఎవరూ లేరు. అట్లాంటి వాళ్లను ఇండిపెండెంటు అంటారట. అజ్మతుల్లా ఉత్సాహంగా పోయిన ఏడు కొన్న కొత్త కెమెరా పెట్టె తెరిచాడు. ఆ అమ్మాయి దాన్ని మర్యాదకు ఒకసారి చూసి, అద్దాల బీరువాలో దుమ్ము పట్టిన పాత క్యాసెట్ కెమెరా వైపు వేలు చూపింది. దాంట్లో బొమ్మ గరుకుగా, పాతగా వస్తుంది కాబట్టి అదే కావాలంది.

అజ్మతుల్లా నా వైపు చూశాడు. నేను ఆ అమ్మాయి ముఖం చూశాను, ఎగతాళి చేస్తోందేమోనని. అట్లా ఏమీ కనబడలేదు. పాపం అద్దె కట్టలేక అడుగుతోంది అనుకుని, అజ్మతుల్లా కొత్తది ఊరికే ఇస్తాను తీసుకుపొమ్మన్నాడు. వద్దంది. బాగున్నది వద్దని పాడుదాన్ని ఏరుకునే మనిషిని ఆయన అంతవరకు చూడలేదు, నేనూ చూడలేదు. ఆ పాత కెమెరాకు కొత్త క్యాసెట్లు ఇప్పుడు యాడా దొరకవు. అందుకని వాడేసినవి ఏమైనా ఉంటే ఇవ్వండి, వాటి మీదే మళ్లీ తీసుకుంటాం అని అడిగింది. అటక మీద ఒక గోతం ఉంది. పాత పెండ్లిళ్లకు తీసిన అసలు క్యాసెట్లు, కోయకముందువి. అవి ఎవరికి కావాలి అంటూ ఆ గోతం దించి దులిపి ఇచ్చేశాడు. దుమ్మంతా నా అంగట్లోకి వచ్చింది.

వాళ్ల ప్లాను కాగితం ఐదు కాపీలు నా దగ్గరే తీయించింది కాబట్టి చదివాను. చదవకుండా జిరాక్సు తీసే అలవాటు నాకు లేదు. పైన పాట అమ్మ మీద అని రాసి ఉంది. కింద ఒకటో షాటు ఖాళీ కుర్చీ. రెండోది అదే ఖాళీ కుర్చీ, కొంచెం దగ్గరగా. మూడోది ఆగిపోయిన ఫ్యాను. ఆరోది ఎవరూ ఎక్కని బస్సు. కాగితమంతా వెతికితే తొమ్మిదో షాటులో దొరికింది అమ్మ. అదీ చేయి మాత్రమే. ముఖం కనిపించకూడదు అని కింద రెండు గీతలు గీశారు. నేను పోయి అజ్మతుల్లాకు చూపించాను. అగ్గి రాజేసినట్టయింది.

"ముఖం లేని అమ్మ ఏంది పాపా? మా అక్క కూతురు అఫ్సానా ఉండాది, చక్కగా కూర్చుంటాది. ఆ పాపను పెట్టి తీద్దాం" అన్నాడు.

హాసిని ఓపిగ్గా చెప్పింది. ప్రణవ్‌కు ఆరేళ్లప్పుడు వాళ్లమ్మ అనసూయమ్మ పోయింది. ఫోటోలు ఉన్నాయి, ముఖం తెలుసు. గొంతే గుర్తులేదు. పాటంతా అదే. ఫోనులో వినిపించింది కూడా. 'గోడ మీద ముఖముంది, గొంతు ఏ గోడకుంది' అని సన్నగా మొదలవుతుంది. నాకు నచ్చింది, కానీ దానికీ కుర్చీకీ ఏం సంబంధమో అర్థం కాలేదు. అర్థమైనట్టు తల ఊపాను. అజ్మతుల్లా అదీ చేయలేదు.

ఆదివారం చోటు చూడటానికి హాసినీ, అజ్మతుల్లా జమ్మలమడుగు పోయారు, ప్రణవ్ వాళ్ల అవ్వగారింటికి. నాకు ఏ పనీ లేకపోయినా అంగడి మూసి బస్సెక్కాను. ఈ తికమక ఏ ఒడ్డుకు చేరుతుందో చూడకపోతే నాకు తిన్నది అరగదు. ప్రణవ్ పులివెందుల నుంచి వచ్చి బస్టాండులో కలిశాడు. ఇరవై మూడేళ్ల కుర్రవాడు, నెమ్మదస్తుడు, మాట మాటకూ నవ్వు ముఖం. వాళ్ల నాన్న పులివెందులలోనే ఒక ఆఫీసులో గుమాస్తా.

ఇల్లు చేరగానే హాసిని వసారాలో ఒక కుర్చీ వేసి, గోతంలోంచి చేతికందిందని వెంట తెచ్చుకున్న ఒక క్యాసెట్టు కెమెరాలో పెట్టి తీయడం మొదలుపెట్టింది. ఎండ కుర్చీ మీది నుంచి నేల మీదికి జరిగేదాకా తీయాలట. ఇరవై నిమిషాలు తీసింది. అజ్మతుల్లా ఓర్చుకోలేక రెండుసార్లు పోయి ఆ కుర్చీలో కూర్చోబోయాడు. మూడోసారి పక్కింటామెను పిలుచుకొచ్చాడు. ఆమె పౌడరు కూడా రాసుకొచ్చింది. హాసిని తలపట్టుకుంది. ఆఖరికి ఆయన జేబులోంచి కాగితం, పెన్ను తీసి ప్రణవ్ దగ్గరికి పోయి, చుట్టాల లిస్టు చెప్పమన్నాడు.

ప్రణవ్ నవ్వాడు. "ఆ లిస్టు మీరు ఎప్పుడో తీసుకున్నారు మామా. మా చిన్నమ్మ పెండ్లి తీసింది మీరే, ఈ ఇంట్లోనే. పదిహేడేండ్లయింది. అందరూ పడినారు. మా అమ్మ ఒక్కటే పడలేదు."

నేను ఒకడుగు వెనక్కి వేశాను, ఇక తిట్లు మొదలవుతాయని. అజ్మతుల్లా అట్లా జరగదన్నాడు. ప్రణవ్ నిష్ఠూరంగా ఏమీ చెప్పలేదు. అప్పటికే అమ్మకు ఒంట్లో బాగలేదట, మందులకు ముఖం వాచిపోయి ఎవరికీ కనబడేది కాదట. ఆ ఏడాదే పోయింది. ఆ పెండ్లి సీడీ మాత్రం చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. ముఖం పడకపోయినా జనం మాటల్లో ఎక్కడైనా ఆమె గొంతు ఉందేమోనని చెవి పెట్టి విన్నాడు. ఉన్నా, అది అమ్మదని తనకెట్లా తెలుస్తుంది, అదే భయమని అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం నవ్వలేదు.

తిరుగు బస్సులో అజ్మతుల్లా ఆ ఖాళీ లిస్టు కాగితాన్ని మడతలు పెడుతూ కూర్చున్నాడు. ఆయన తిట్టకపోవడం నాకు తిట్లకన్నా ఎక్కువ భయం. ప్రొద్దుటూరు పొలిమేర దగ్గర ఉన్నట్టుండి హాసిని వైపు తిరిగి, గోతం యాడుందని అడిగాడు. హాస్టల్లో ఉందంది. రేపు పొద్దున్నే తెచ్చి ఇమ్మన్నాడు, ఇక ఒక్క క్యాసెట్టు మీద కూడా ఏమీ తీయొద్దన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. ఎల్లుండి మిగతా షూటింగు పెట్టుకున్న పిల్ల, కళ్లల్లో నీళ్లు పెట్టుకుంది. ఇచ్చింది వెనక్కి లాక్కునే మనిషి కాడే ఈయన, ఏమైందని నేనూ బుర్ర గోక్కున్నాను. కుర్చీలో కూర్చోనీయలేదని కోపం వచ్చిందేమో అని కూడా అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

మరునాడు షట్టరు సగం దించి, గోతం ముందేసుకుని కూర్చున్నాడు. అటక మీద వాన కారి క్యాసెట్ల మీది పేర్లన్నీ చెరిగిపోయాయి. ఒక్కొక్కటీ వేసి చూడాల్సిందే. చెక్క అవతల నుంచి పొద్దస్తమానం బాజాలు, తలంబ్రాలు, బంతి దగ్గర వడ్డించేవాళ్ల కేకలు. వచ్చిన బేరాలన్నీ నా మీదికి తోసేస్తున్నాడు. మధ్యాహ్నానికి నాకు ఒళ్లు మండి, దులిపేద్దామని షట్టరు కింద దూరి లోపలికి పోయాను.

"నారాయణప్పా, నేను లిస్టులో ఉండే మనిషిని వదిలింటానా?" అన్నాడు నన్ను చూసి. "ఆయమ్మ పడింటాది. ముఖం బాగలేదని నేనే కోసేసింటా."

నేను తిట్టడానికి పోయినవాణ్ణి, స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాను. జమ్మలమడుగు పెండ్లివి మూడు క్యాసెట్లు. సాయంత్రానికి రెండు దొరికాయి. మొదటి నుంచి చివర దాకా చూశాం. పెండ్లికొడుకు, అలిగిన మేనమామ, ఊరి జనం అందరూ ఉన్నారు. ఆమె లేదు. మూడోది గోతంలో లేదు. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. హాసిని చేతికందిన క్యాసెట్టు, కెమెరాలోనే ఉండిపోయింది. కుర్చీ తీసింది దాని మీదే.

ఫోను చేస్తే హాసిని కెమెరాతో సహా వచ్చింది. ఆ పిల్ల ప్రణవ్‌కూ చెప్పేసిందట. వాడు పులివెందుల నుంచి వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. దొరకకపోతే ఆ కుర్రవాడి ముఖం ఎట్లా చూడాలని అజ్మతుల్లా మాటిమాటికీ నన్నే అడుగుతున్నాడు. వాడు వచ్చి టీవీ ముందు నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. క్యాసెట్టు మొదటి నుంచి వేశారు.

కుర్చీ. ఎండ. కుర్చీ. ఒక ఖాళీ కుర్చీని అంత భయంగా నా జన్మలో చూడలేదు. అది తెర మీద ఉన్న ప్రతి నిమిషమూ కింద ఒక నిమిషం పెండ్లి తుడిచిపెట్టుకుపోయినట్టే. హాసినికి అది అర్థమైపోయి, గోడకు ఆనుకుని ఏడుస్తోంది. ముందుకు తిప్పమంటే అజ్మతుల్లా ఒప్పుకోలేదు. తిప్పితే ఆ బిట్టు జారిపోతుందేమోనని ఆయన భయం. ఇరవై నిమిషాలు నలుగురం ఆ కుర్చీనే చూశాం.

ఎండ నేల మీదికి జారిన చోట కుర్చీ తెగిపోయింది. ఆ వెంటనే ఒక వెనక గది వచ్చింది. చాప మీద తమలపాకులు, వక్కలు, కొబ్బరికాయలు, సగం నింపిన తాంబూలం సంచులు. తల మీదుగా కొంగు కప్పుకున్న ఒకామె కెమెరాకు అడ్డంగా చేయి చాపింది. తెర నిండా ఆ చేయే. రెండు గాజులు, వేళ్లకు పసుపు.

"నన్నెందుకు నాయనా తీసేది, పెండ్లికూతుర్ని తీసుకో పో" అంది. చేయి కొంచెం పక్కకు జరిగింది. లైటు వైరు పక్కగా ఒక పిల్లవాడి కాళ్లు కనబడ్డాయి. ఆమె గొంతు పెంచింది. "ఒరే ప్రణవా, ఆ వైరు తొక్కద్దురా. ఇట్ల రా నా దగ్గరికి."

అంతే. తర్వాత పందిట్లో బాజాలు.

అజ్మతుల్లా ఆపేశాడు. గుడ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "తీసినా కానీ ముఖం పడలేదు కొడుకా. వైరు కూడా పడిందని కోసేసినా. నాకు తెలీక చేసినా" అన్నాడు. ముప్ఫై ఏళ్లలో ఆయన తప్పు ఒప్పుకోవడం నేను వినడం అదే మొదలు. ఇంత వెతికి దొరికింది పనికిరాని బిట్టే అని నిజంగానే బాధపడుతున్నాడు.

నేను ప్రణవ్ వైపు చూశాను. వాడు తెర వైపు కాదు, తన కాళ్ల వైపు చూసుకుంటున్నాడు. ఆ అంగట్లో నేల మీద వైరు ఎక్కడా లేదు. అయినా కుడికాలు వెనక్కి తీసుకుని, ఆ కాలు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అట్లాగే నిలబడిపోయాడు.